నాండ్రోలోన్ సూదా, మరో మందా? జబ్బును బట్టి ఎంచుకోవడం ఎలా

ఒంట్లో సత్తువ లేదని, కాళ్లు పీకుతున్నాయని, తిన్నది ఒంటబట్టడం లేదని చెప్పుకొనే పెద్దవాళ్లకు మన ఊళ్లలో చాలాకాలంగా వేస్తూ వస్తున్న బలం సూదుల్లో నాండ్రోలోన్ డెకనోయేట్ ఒకటి. డెకా డ్యూరాబోలిన్ అనే పేరుతో ఎక్కువమందికి తెలుసు. కిడ్నీ జబ్బులో రక్తం పెరగడానికి, గుల్లబారిన ఎముకలు గట్టిపడటానికి, జబ్బుపడి చిక్కిపోయినవాళ్లు కోలుకోవడానికి కూడా వైద్యులు దీన్ని రాసేవారు, ఇప్పటికీ కొందరు రాస్తున్నారు. జిమ్ముల్లో కండ పెంచుకోవడానికి వాడేవాళ్ల సంగతి సరేసరి. ఇన్ని పనులకు వాడే మందు గురించి అది మంచిదా కాదా అని అడిగితే సరైన జవాబు దొరకదు. ఏ జబ్బుకు, ఏ మందుకు బదులుగా, ఎవరికి అన్న మూడు విషయాలూ తేలితేనే ఎంపిక సాధ్యమవుతుంది. అలా విడదీసి చూసినప్పుడు, ఒకప్పుడు నాండ్రోలోన్ తప్ప మరో దారి లేని చోట్ల చాలావరకు ఇప్పుడు అంతకంటే మేలైన మందులు ఉన్నాయన్నది నా అభిప్రాయం.

పురుష హార్మోను టెస్టోస్టిరాన్‌ను 1935లో వేరుచేశారు, అదే ఏడాది ప్రయోగశాలలో తయారుచేశారు. ఆ అణువులో పంతొమ్మిదో స్థానంలో ఉండే కార్బన్‌ను తీసేస్తే వచ్చేదే నాండ్రోలోన్. దీన్ని 1950లో ఆర్థర్ బిర్చ్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేశారు. ఆర్గనాన్ కంపెనీ దీని ఫినైల్‌ప్రోపియోనేట్ రూపాన్ని 1959లోనూ, ఎక్కువ రోజులు పనిచేసే డెకనోయేట్ రూపాన్ని 1962లోనూ అమ్మకానికి తెచ్చింది. ఆ ఒక్క కార్బన్ లేకపోవడం వల్ల కలిగే తేడా చిన్నదేమీ కాదు. టెస్టోస్టిరాన్ ప్రోస్టేట్ గ్రంథిలోకి, చర్మంలోకి వెళ్లాక అంతకంటే ఘాటైన డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా మారుతుంది. నాండ్రోలోన్ మాత్రం అక్కడ తనకంటే బలహీనమైన పదార్థంగా మారుతుంది. అందువల్ల కండరం, రక్తం, ఎముకల మీద దాని ప్రభావం ఎక్కువగానూ, మగ లక్షణాలు తెచ్చిపెట్టే గుణం టెస్టోస్టిరాన్ కంటే తక్కువగానూ ఉంటుంది. తక్కువంటే అసలు లేదని కాదు. ఆడవాళ్ల విషయంలో ఈ తేడాను మరిచిపోతే జరిగే నష్టం పెద్దది.

నాండ్రోలోన్‌ను కూడా స్టెరాయిడ్ అనే అంటారు గాని, ప్రెడ్నిసోలోన్, డెక్సామెథాసోన్ వంటి స్టెరాయిడ్లకూ దీనికీ ముడిపెట్టకూడదు. అవి దీర్ఘకాలం వాడితే ఎముకను, కండను కరిగిస్తాయి, షుగర్ పెంచుతాయి. నాండ్రోలోన్ పనిచేసే తీరు దాదాపు దానికి ఎదురు, దీని ప్రమాదాలు కూడా వేరు. మీకు ఇస్తున్నది ఈ రెండింటిలో ఏదో అడిగి తెలుసుకోండి.

చిన్న గాజు యాంప్యూల్‌లో లేత పసుపు రంగులో కనిపించే ఈ మందు నీళ్లలో కాకుండా నూనెలో కరిగి ఉంటుంది. అసలు తయారీలో వాడింది వేరుశనగ నూనె, దానితోపాటు బెంజైల్ ఆల్కహాల్. వేరుశనగ పడనివారు సూది వేయించుకునే ముందు డబ్బాలోని కాగితం చూడాలి. పిరుదు కండరంలో లోతుగా వేసిన ఈ నూనె మందు రోజుల తరబడి కొంచెం కొంచెంగా రక్తంలోకి దిగుతుంది. ఇదే దాని సౌకర్యం, ఇదే దాని ఇబ్బంది కూడా. మాత్ర పడకపోతే మరుసటి రోజు మానేయవచ్చు గాని, ఒకసారి వేసిన ఈ సూదిని వెనక్కి తీసుకునే వీలు లేదు.

కిడ్నీ జబ్బులో రక్తహీనత

నాండ్రోలోన్‌కు వైద్యంలో గట్టి పునాది ఉన్నది ఇక్కడే. మన మూత్రపిండాలు ఎరిథ్రోపాయిటిన్ అనే హార్మోనును తయారుచేస్తాయి. ఎముక మజ్జలో ఎర్రరక్త కణాలు పుట్టాలంటే ఆ హార్మోను ఆజ్ఞ కావాలి. కిడ్నీలు దెబ్బతిన్నకొద్దీ అది తగ్గిపోయి, హిమోగ్లోబిన్ పడిపోతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి వంటి మండలాల్లో ఇంటింటా కిడ్నీ రోగులను చూసినవారికి ఈ నీరసం ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం, అన్నం ముందు కూర్చున్నా తినే ఓపిక ఉండదు. ఎరిథ్రోపాయిటిన్ సూది రాకముందు డయాలసిస్ రోగులకు ఉన్న దారులు రెండే: పదేపదే రక్తం ఎక్కించడం, లేదా నాండ్రోలోన్ వంటి ఆండ్రోజెన్ (పురుష హార్మోను కోవకు చెందిన) సూదులు. ఈ సూదులు మిగిలి ఉన్న కిడ్నీ కణజాలం చేత ఎక్కువ ఎరిథ్రోపాయిటిన్ తయారు చేయిస్తాయి, ఆ హార్మోనుకు మజ్జ బాగా స్పందించేలా చేస్తాయి.

1989లో అమెరికాలో ఎరిథ్రోపాయిటిన్ సూదికి అనుమతి వచ్చాక లెక్క మారింది. శరీరంలో ఏది తగ్గిందో దాన్నే తిరిగి ఇచ్చే మందు అది. దాన్ని చర్మం కింద గాని, డయాలసిస్ సమయంలో నరంలోకి గాని ఇస్తారు, మగ లక్షణాలు రావు, కాలేయానికి భయం లేదు. అయితే దానికీ హద్దులున్నాయి. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, కరెంటు పోయే ఊళ్లో ఇది చిన్న సమస్య కాదు. రక్తపోటు పెరగవచ్చు. హిమోగ్లోబిన్‌ను మామూలు మనిషి స్థాయికి, అంటే 13 దాటించాలని తొందరపడితే పక్షవాతం, రక్తం గడ్డకట్టడం వంటి ముప్పులు పెరుగుతాయని పెద్ద అధ్యయనాల్లో తేలింది, అందుకే 11.5 దాటకుండా చూస్తారు. ఖర్చు కూడా నాండ్రోలోన్ కంటే ఎక్కువ.

ఖర్చు ఎక్కువన్న కారణంతోనే కొందరు నాండ్రోలోన్ వైపు చూస్తారు. స్పెయిన్‌లో పొట్ట ద్వారా డయాలసిస్ చేసుకునే వృద్ధులైన మగవారిలో రెండింటినీ పోల్చి 2002లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో హిమోగ్లోబిన్ రెంటితోనూ దాదాపు సమానంగా పెరిగింది. కాబట్టి అది పనిచేయదని అనడం అన్యాయం. అయినా అంతర్జాతీయ కిడ్నీ నిపుణుల సంస్థ కేడిగో 2012లో ఇచ్చిన మార్గదర్శకాలు ఎరిథ్రోపాయిటిన్‌కు తోడుగా ఆండ్రోజెన్లు వాడవద్దని స్పష్టంగా చెప్పాయి. వచ్చే లాభానికి సాక్ష్యం చాలదని, ప్రమాదాలు మాత్రం తెలిసినవేనని వారి వాదన. నేను ఆ మాటతో ఏకీభవిస్తాను.

వీటికంటే ముందు చూడవలసింది ఇంకొకటుంది, ఆచరణలో ఎక్కువగా జారిపోయేది కూడా అదే. ఒంట్లో ఇనుము నిల్వ లేకపోతే ఏ సూది వేసినా రక్తం పట్టదు. ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ పరీక్షలు చేయించకుండా నాండ్రోలోన్ గాని, ఎరిథ్రోపాయిటిన్ గాని మొదలుపెట్టడం డబ్బు దండగ. డయాలసిస్ చేయించుకునేవారికి ఇనుమును నరం ద్వారా ఎక్కిస్తే, ఆ ఒక్కదానితోనే ఎరిథ్రోపాయిటిన్ మోతాదు తగ్గే అవకాశం ఉంటుంది. సూది అంటే పడనివారికి, ఫ్రిజ్ లేనివారికి 2022లో మన దేశంలో అనుమతి పొందిన డెసిడుస్టాట్ మాత్రలు ఉన్నాయి. కిడ్నీ వైద్యుడు సరేనంటే వారానికి మూడుసార్లు వేసుకునే మందు. కాబట్టి క్రమం ఇలా ఉండాలి: మొదట ఇనుము, తర్వాత ఎరిథ్రోపాయిటిన్ లేదా మాత్ర. ఇవేవీ అందని, వయసు పైబడిన మగ రోగి విషయంలో మాత్రమే, అదీ కిడ్నీ వైద్యుడి పర్యవేక్షణలో, నాండ్రోలోన్ గురించి ఆలోచించవచ్చు. మామూలు నెఫ్రాలజీ విభాగంలో ఆ పరిస్థితి రావడం అరుదు.

మజ్జే ఎండిపోయే అప్లాస్టిక్ అనీమియాలో ఆండ్రోజెన్లకు ఇప్పటికీ చోటు ఉంది. మజ్జ మార్పిడికి దాత దొరకనప్పుడు, ఖరీదైన చికిత్స భరించలేనప్పుడు మన హెమటాలజిస్టులు (రక్త వ్యాధుల నిపుణులు) డానజోల్ లేదా స్టానొజోలోల్ మాత్రలు రాస్తారు. అక్కడ సూది కంటే మాత్రే మేలు, ఎందుకంటే ప్లేట్‌లెట్లు పడిపోయిన మనిషికి కండరంలో లోతుగా సూది గుచ్చితే లోపల రక్తం చేరి పెద్ద గడ్డ కట్టవచ్చు. ఆ మాత్రలు కాలేయాన్ని దెబ్బతీయగలవు కాబట్టి కాలేయ పరీక్షలు క్రమం తప్పకుండా చేయించుకోవాలి.

ఎముకలు గుల్లబారినప్పుడు

నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు మూడు నాలుగు వారాలకొక నాండ్రోలోన్ సూది వేయడం ఒకప్పుడు వాడుకలో ఉన్న చికిత్స. ఎముక సాంద్రత కొంత పెరిగిన మాట నిజమే. అయితే మనకు కావలసింది స్కాన్‌లో అంకె కాదు, తుంటి ఎముక విరగకుండా ఉండటం. అలా ఎముకలు విరగడాన్ని నాండ్రోలోన్ తగ్గిస్తుందని నమ్మదగిన పెద్ద అధ్యయనమేదీ చూపలేదు.

దానికి ఎదురుగా ఉన్న మందులకు ఆ సాక్ష్యం ఉంది. అలెండ్రోనేట్ మాత్ర వారానికి ఒకటి, చవక. పొద్దున్నే పరగడుపున గ్లాసు నిండా నీళ్లతో మింగి, అరగంట పాటు పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి, లేకపోతే అన్నవాహిక పుండుపడవచ్చు. ఈ నియమం పాటించలేని అమ్మమ్మలకు ఏడాదికి ఒక్కసారి నరంలోకి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లం చాలా అనువైనది. మొదటిసారి ఎక్కించాక ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు, భయపడవలసిన పని లేదు. ఈ రెండూ కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి పనికిరావు. అలాంటివారికి ఆరునెలలకొకసారి డెనోసుమాబ్ సూది ఇస్తారు, అయితే కాల్షియం పడిపోకుండా జాగ్రత్తగా చూడాలి, మధ్యలో మానేస్తే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. ఇప్పటికే వెన్నుపూసలు కుంగి వంగిపోయినవారికి ఎముకను కొత్తగా కట్టే టెరిపారటైడ్ ఉంది, రోజూ సూది వేసుకోవాలి, ఖరీదు ఎక్కువ. వీటిలో ఏది వాడినా డి విటమిన్, కాల్షియం సరిపడా ఉండాలి.

నాండ్రోలోన్ వేయించుకున్న ఆడవాళ్లలో కొందరికి గొంతు బరువెక్కి బొంగురుపోతుంది. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు మందు మానేశాక తగ్గవచ్చు. మారిన గొంతు మాత్రం చాలాసార్లు తిరిగి రాదు. ఏళ్ల తరబడి భజనల్లో పాడిన గొంతు, తరగతి గదిలో పాఠం చెప్పిన గొంతు ఎముకల మందు పేరుతో పోగొట్టుకోవలసిన అవసరం ఈ రోజుల్లో ఎవరికీ లేదు. ఎముకల కోసం నాండ్రోలోన్ అడగవద్దు, రాస్తే ఎందుకో అడగండి.

మగవారిలో టెస్టోస్టిరాన్ తగ్గినప్పుడు

కోరిక తగ్గడం, అంగస్తంభన సరిగా లేకపోవడం, నిస్సత్తువ వంటి లక్షణాలకు నాండ్రోలోన్ సూది వేయించుకున్నవారు అసలు సమస్యను మరింత పెంచుకుంటారు. బయటి నుంచి ఆండ్రోజెన్ రాగానే పిట్యూటరీ గ్రంథి వృషణాలకు సంకేతాలు పంపడం ఆపేస్తుంది, సొంత టెస్టోస్టిరాన్ పడిపోతుంది. నాండ్రోలోన్ దాని స్థానంలోకి వచ్చినా, లైంగిక ఆరోగ్యానికి కావలసిన డైహైడ్రోటెస్టోస్టిరాన్‌ను, ఎముకకు కావలసిన ఈస్ట్రోజెన్‌ను టెస్టోస్టిరాన్ ఇచ్చినంతగా ఇవ్వలేదు. ఈ జబ్బుకు సరైన మందు టెస్టోస్టిరానే.

అదైనా రక్తపరీక్ష లేకుండా మొదలుపెట్టకూడదు. ఉదయం పూట, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చూసి, రెండుసార్లూ తక్కువగా ఉండి, లక్షణాలు కూడా ఉంటేనే లోపమని నిర్ధారిస్తారు. అమెరికా యూరాలజీ సంఘం డెసిలీటరుకు 300 నానోగ్రాముల కంటే తక్కువను హద్దుగా పెట్టుకుంది. లోపం ఖాయమైతే టెస్టోస్టిరాన్ ఎనాంథేట్ వంటి, రెండు మూడు వారాలకొకసారి వేసే సూదులు చవక, కానీ సూది పడ్డ కొద్దిరోజులు హుషారు, తర్వాతి సూది దగ్గరపడేసరికి నీరసం అన్న ఎగుడుదిగుడు ఉంటుంది. టెస్టోస్టిరాన్ అండెకనోయేట్ సూది పది నుంచి పద్నాలుగు వారాలకొకసారి చాలు, హెచ్చుతగ్గులు తక్కువ. అయితే నూనె ఊపిరితిత్తుల్లోకి చేరే అరుదైన ప్రమాదం ఉన్నందువల్ల వేశాక అరగంట ఆసుపత్రిలోనే కూర్చోబెట్టాలి. రోజూ రాసుకునే జెల్‌తో హార్మోను స్థాయి నిలకడగా ఉంటుంది గాని, రాసుకున్న ఒంటికి చిన్నపిల్లలు తగిలితే వారిలో అకాల యవ్వన లక్షణాలు రావచ్చు. పసిపిల్లలను ఎత్తుకునే తాతగారికి జెల్ కంటే సూదే నయం.

పిల్లలు కావాలనుకునేవారు ఇవేవీ వాడకూడదు. టెస్టోస్టిరాన్ గాని, నాండ్రోలోన్ గాని వీర్యకణాల ఉత్పత్తిని ఆపేయగలవు. పెళ్లయి పిల్లల కోసం ఎదురుచూస్తూ, మరోపక్క మగతనం పెరుగుతుందని ఈ సూదులు వేయించుకోవడం కంటే విషాదం లేదు. అలాంటివారికి వృషణాలను పనిచేయించే హెచ్‌సీజీ సూదులు, కొందరికి క్లోమిఫెన్ మాత్రలు దారి చూపుతాయి, వీర్య పరీక్ష చూసి ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల వైద్యుడు) నిర్ణయించాలి.

టెస్టోస్టిరాన్ వల్ల గుండెపోట్లు పెరుగుతాయా అన్న చాలాకాలపు సందేహానికి 2023లో ప్రచురితమైన ట్రావర్స్ అధ్యయనం కొంతవరకు జవాబిచ్చింది. గుండెజబ్బు ఉన్న లేదా వచ్చే ముప్పు ఉన్న అయిదు వేలమందికి పైగా మగవారిలో గుండెపోట్లు, పక్షవాతాలు పెరగలేదు. గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం మాత్రం కొంచెం ఎక్కువగా కనిపించాయి. ఇది లోపం ఉన్నవారికి, కొలిచి ఇచ్చిన మోతాదులకు వర్తించే మాట. నాండ్రోలోన్‌కు గాని, జిమ్ మోతాదులకు గాని దీన్ని ఉదాహరణగా చూపకూడదు.

ఊరికే నీరసమంటే

నాకు ఎక్కువ ఆవేదన కలిగించేది ఈ వాడకమే. పెద్దవయసులో నీరసం వెనుక ఇనుము లోపం, బి12 లోపం, థైరాయిడ్, అదుపులో లేని షుగర్, క్షయ, దిగులు, ఏదైనా ఉండవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ సగానికి మించిన ఆడవాళ్లకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవారిలో బి12 తగ్గవచ్చు. వీటిలో ఒక్కదానికీ నాండ్రోలోన్ మందు కాదు. పైగా సూది పడిన తర్వాత ఆకలి కొంచెం పెరిగి, ఒంట్లో ఉప్పు, నీరు నిలిచి బరువు పెరగడంతో మనిషి కోలుకున్నట్టే కనిపిస్తాడు. చీలమండ మీద బొటనవేలితో నొక్కి చూడండి, గుంట పడితే పెరిగిన బరువులో కొంత నీరే. గుండె బలహీనంగా ఉన్నవారికి ఆ నీరే ప్రాణం మీదకు తెస్తుంది.

కండ నిజంగా తగ్గినవారికి తిండి, వ్యాయామం కలిసి చేసే పనిని ఏ సూదీ చేయదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ సిఫారసు చేస్తోంది. ముసలితనంలో ఒక గ్రాము వరకు, కొంచెం పైన కూడా మేలని నిపుణులు అంటారు. అరవై కిలోల మనిషికి ఇది అరవై గ్రాములు. పొద్దున కాఫీ, మధ్యాహ్నం చారన్నం, రాత్రి మజ్జిగన్నం తినే పెద్దావిడకు ఇందులో సగం కూడా అందదు. రెండు గుడ్లు, రెండు పూటలా ముద్దపప్పు, గ్లాసెడు పాలు, గుప్పెడు వేయించిన శనగలు కలిపితే చాలా దూరం వస్తుంది. డయాలసిస్‌కు ముందు దశలో ఉన్న కిడ్నీ రోగులు మాత్రం తమ వైద్యుడిని అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు. ఇక వ్యాయామం గురించి: 1990లో అమెరికాలోని ఒక వృద్ధాశ్రమ అధ్యయనంలో తొంభై ఏళ్లవారు ఎనిమిది వారాల బరువుల శిక్షణతో కాళ్ల బలాన్ని రెట్టింపుకు మించి పెంచుకున్నారు. మన ఇళ్లలో అయితే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడంతో మొదలుపెట్టవచ్చు.

హెచ్‌ఐవీ, పెద్ద కాలిన గాయాలు వంటి స్థితుల్లో కండ కరిగిపోతున్నప్పుడు అనబాలిక్ స్టెరాయిడ్ల (నాండ్రోలోన్ వంటి కండ పెంచే మందుల) వాడకం వేరే విషయం, అది ఆసుపత్రి నిర్ణయం. ఈ పనికి పేరున్న ఆక్సాండ్రోలోన్ మాత్రకు కూడా అమెరికా 2023లో అనుమతిని ఉపసంహరించింది.

ఎవరు అసలే వద్దు, వాడితే ఏం చూడాలి

ప్రోస్టేట్ క్యాన్సర్, మగవారి రొమ్ము క్యాన్సర్, గర్భం, మూత్రంలో ప్రొటీన్ విపరీతంగా పోయే నెఫ్రోటిక్ స్థితి ఉంటే ఈ సూది వద్దు. ఎదిగే పిల్లలకు వేస్తే ఎముకల చివర్లు ముందే మూసుకుపోయి పొడవు ఆగిపోతుంది. అసిట్రోమ్, వార్ఫరిన్ వంటి రక్తం పలుచబరిచే మందులు వాడేవారిలో వాటి ప్రభావం పెరిగి రక్తస్రావం కావచ్చు. షుగర్ మందుల మోతాదు తగ్గించవలసి రావచ్చు. వైద్యుడు కారణం చెప్పి రాసినప్పుడు కూడా మొదలుపెట్టేముందు, తర్వాత కొన్ని వారాలకోసారి హిమోగ్లోబిన్, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల పాలు), కాలేయ పరీక్షలు, కొలెస్ట్రాల్, నలభై దాటిన మగవారికి పీఎస్‌ఏ (ప్రోస్టేట్‌కు సంబంధించిన రక్తపరీక్ష) చూడాలి. ఆడవారు గొంతులో ఏ చిన్న మార్పు కనిపించినా తర్వాతి సూదికి వెళ్లకూడదు.

జిమ్‌లో వాడేవారికి మందుల మధ్య పోలిక చెప్పడం నా ఉద్దేశం కాదు. ఈ మందులు కండ పెంచుతాయి, అది అబద్ధం కాదు. మంచి కొలెస్ట్రాల్ పడిపోవడం, గుండె గోడలు దళసరెక్కడం, వీర్యకణాలు లేకుండాపోవడం, మానేశాక నెలల తరబడి దిగులు కూడా అంతే నిజం. చీటీ లేకుండా చేతులు మారే సీసాల్లో పేరున్న మందే ఉందన్న భరోసా లేదు. ఇప్పటికే వాడుతున్నవారు సిగ్గుపడకుండా ఎండోక్రైనాలజిస్టు దగ్గరికి వెళ్లాలి, ఎందుకంటే సొంత హార్మోను తిరిగి మొదలయ్యేందుకు సాయం ఉంది.

కబడ్డీ, వెయిట్‌లిఫ్టింగ్, అథ్లెటిక్స్ ఆడే యువతకు ఒక మాట. నాండ్రోలోన్ అవశేషాలు మూత్రంలో నెలల తరబడి, కొందరిలో ఏడాది దాటి కూడా దొరుకుతాయి. దొరికితే మొదటి తప్పుకే నాలుగేళ్ల వరకు నిషేధం. నిజమైన జబ్బుకే వైద్యుడు ఈ కోవకు చెందిన మందు ఏది రాసినా, సూది వేయించుకోకముందే చికిత్స మినహాయింపు కోసం నాడాకు (క్రీడల్లో నిషిద్ధ మందులను అడ్డుకునే జాతీయ సంస్థకు) దరఖాస్తు చేసుకోవాలి, ఆ అనుమతి కాగితం చేతికి వచ్చాకే మందు మొదలుపెట్టాలి.